వింటేజ్ కారుకి ప్రీమియం ఎందుకు తక్కువ? రోడ్డు ఎందుకు తక్కువ?

పోయిన ఎపిసోడ్‌లో అంబాసిడర్ గురించి మాట్లాడుకున్నాం కదా, దాని కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, మా తాతగారి ఫియట్ షెడ్డులో ఉంది. వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తే ఇన్సూరెన్స్ సగమే అంట, నిజమేనా?" అని.

నిజమే. 2022లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లోనే ఉంది. వింటేజ్‌గా రిజిస్టర్ అయిన సొంత కారుకి థర్డ్ పార్టీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు. అదే కాగితంలో ఎలక్ట్రిక్ కారుకి ఇచ్చింది 15 శాతం, హైబ్రిడ్‌కి 7.5 శాతం. అంటే పొగే రాని కొత్త బండి కంటే, స్టార్ట్ చేస్తే వీధంతా పొగ కమ్మే పాత బండికి మూడు రెట్లకు మించి తగ్గింపు. వినడానికి తలకిందులుగా ఉంది కదా? సర్కారుకి పాత కార్ల మీద అంత ప్రేమా అంటే, ప్రేమ కాదు. అదొక బేరం. "బండిని నువ్వు రోడ్డు మీదికి పెద్దగా తేవు కాబట్టి నీ దగ్గర తక్కువ తీసుకుంటా" అనే బేరం. ఆ బేరం ఎక్కడ మొదలైంది, వేరే దేశాల్లో ఎలా కుదిరింది, మన దగ్గరికి వచ్చేసరికి ఏం మిగిలింది అనేది ఇవాళ చెప్తా. మధ్యలో లెక్కలు కూడా వేస్తా. లెక్క వేస్తే గానీ ఈ "సగం" ఎంత అనేది తెలీదు.

మొదట ఇంగ్లండ్ వెళ్దాం. కార్ల మీద ఆంక్షలు అనేవి పాత కార్లతో మొదలవలేదు, అసలు బండి పుట్టకముందే మొదలయ్యాయి. 1865లో అక్కడ ఒక చట్టం చేశారు. గుర్రం లేకుండా నడిచే బండి ఏదైనా సరే, దాని ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. ఊళ్లో గంటకి 2 మైళ్లు, ఊరి బయట 4 మైళ్లు, అంతకు మించి పోకూడదు. మనిషి నడకే అంతకంటే స్పీడు! ఎర్రజెండా నిబంధనని తర్వాత సడలించారు గానీ, ఆ నత్తనడక మాత్రం 1896 దాకా సాగింది. ఆ ఏడాది స్పీడు 14 మైళ్లకు పెంచారు. చట్టం అమల్లోకి వచ్చిన రోజు, నవంబర్ 14న, కార్లవాళ్లు పండగ చేసుకుంటూ లండన్ నుంచి బ్రైటన్ దాకా ఊరేగింపుగా వెళ్లారు.

1927లో ఆ ప్రయాణాన్ని గుర్తు చేసుకుంటూ మళ్లీ అదే దారిలో పాత కార్లతో వెళ్లారు. ఇప్పటికీ ఏటా జరుగుతుంది. 1905కి ముందు తయారైన కార్లకే ప్రవేశం. 1930లో అక్కడే వెటరన్ కార్ క్లబ్ పుట్టింది. గమనించండి, కారు అనే వస్తువు పుట్టి అప్పటికి 45 ఏళ్లు కూడా కాలేదు, అప్పుడే "ఇది పాతది, కాపాడుకోవాలి" అనే జనం తయారయ్యారు.

అదే 1930లో బ్రిటన్ ఇంకో పని చేసింది. రోడ్ ట్రాఫిక్ చట్టం తెచ్చి, 1931 జనవరి 1 నుంచి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసింది. ఎందుకంటే అప్పటికి ఆ చిన్న దేశంలో రోడ్ల మీద ఏడాదికి 7,000 మందికి పైగా చచ్చిపోతున్నారు. గుద్దినవాడి దగ్గర డబ్బుంటే చనిపోయినవాడి ఇంటికి నాలుగు పైసలు వచ్చేవి, లేకపోతే లేదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1927లోనే ఈ పని చేసింది. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 1939లో వచ్చింది గానీ, అందులో ఇన్సూరెన్స్ అధ్యాయం మాత్రం 1946 జూలై 1 నుంచి అమలైంది. ఏడేళ్లు ఆగింది.

ఇక్కడ ఒక్క విషయం మనసులో పెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీ కారు కోసం కాదు. మీ కారు కింద పడే మనిషి కోసం. మీ కారు విలువ 20 వేలయినా, 2 కోట్లయినా, దాని కింద పడ్డ మనిషి కాలు విరగడం ఒక్కటే. అందుకే థర్డ్ పార్టీ ప్రీమియం కారు విలువను బట్టి ఉండదు, ఇంజిన్ సైజును బట్టి ఉంటుంది. మీ కారుకి అయ్యే నష్టం వేరే లెక్క, దాన్ని ఓన్ డ్యామేజ్ అంటారు. అది మన చట్టం ప్రకారం తప్పనిసరి కాదు.

మరి పాత కారు యజమానికి కష్టం ఎక్కడొచ్చిందంటే, ఈ రెండు లెక్కలూ అతనికి ఎదురు తిరిగాయి.

ఓన్ డ్యామేజ్ సంగతి ముందు చూద్దాం. ఇన్సూరెన్స్ కంపెనీ దృష్టిలో కారు విలువ ఏటా కరిగిపోయే ఐసు ముక్క. మన టారిఫ్‌లో పట్టిక ఉంది. ఆరు నెలల లోపు 5 శాతం తరుగు, ఏడాదికి 15, రెండేళ్లకి 20, మూడేళ్లకి 30, నాలుగేళ్లకి 40, ఐదేళ్లకి 50 శాతం. ఐదేళ్లు దాటితే పట్టిక అయిపోయింది! అక్కడి నుంచి మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒక విలువ ఒప్పుకోవాలి. ఆ విలువనే ఐడీవీ అంటాం. ఫోన్‌లో రెండు నిమిషాల్లో పాలసీ తీసుకునే మనకి ఇది పెద్దగా తెలీదు, ఎందుకంటే యాప్ ఏదో నంబర్ చూపిస్తుంది, మనం ఓకే కొట్టేస్తాం. కానీ 1960ల నాటి ఫియట్ 1100కి ఆ యాప్ ఏం చూపిస్తుంది? దాని లెక్కలో ఆ బండి ఎప్పుడో తుక్కు. మీకు మాత్రం దాని ఇంజిన్ విప్పి, బాడీకి తుప్పు గీకించి, పెయింట్ వేయించి, ఎక్కడెక్కడో తిరిగి పాత సామాను వెతికి తెచ్చిన ఖర్చు తెలుసు. రేపు షెడ్డుకి నిప్పంటుకుంటే కంపెనీ ఇచ్చేది తుక్కు రేటు, మీరు పోగొట్టుకునేది లక్షలు.

ఈ చిక్కుముడిని మొదట సరిగ్గా విప్పింది అమెరికావాళ్లు. గ్రండీ అనే సంస్థ 1947 నుంచీ ఈ వ్యాపారంలో ఉంది. తర్వాత 1984లో మిషిగన్ రాష్ట్రం ట్రావర్స్ సిటీలో హాగర్టీ అనే దంపతులు చెక్క పడవలకి ఇన్సూరెన్స్ చేయడం మొదలుపెట్టారు. అవును, పడవలకే. పాత చెక్క పడవకి మంచి పాలసీ దొరకడం కష్టంగా ఉండేది. పడవల యజమానుల షెడ్లలో పాత కార్లు కూడా ఉంటాయి కదా, 1991లో కార్లలోకి దిగారు. ఇప్పుడు ఈ రంగంలో ప్రపంచంలోనే పెద్ద పేరు అది.

వీళ్ల పద్ధతి పేరు "అగ్రీడ్ వాల్యూ". అంటే ముందే కూర్చుని, ఫొటోలు చూసి, ఈ కారు విలువ ఇంత అని ఇద్దరూ ఒప్పుకుంటారు. కారు పూర్తిగా పోతే అంతే ఇస్తారు. తరుగు లేదు, తర్వాత బేరాలు లేవు. మరి విలువ పెరిగితే ప్రీమియం కూడా పెరగాలి కదా? పెరగలేదు. మామూలు కారు పాలసీ కంటే చాలా సందర్భాల్లో తక్కువకే వచ్చింది. ఎలా అంటే, షరతులు పెట్టారు. రోజూ ఆఫీసుకి వెళ్లడానికి మీకు వేరే కారు ఉండాలి. ఇది తాళం వేసిన షెడ్డులో ఉండాలి. డ్రైవింగ్ రికార్డు శుభ్రంగా ఉండాలి. తిరగడం షోలకి, క్లబ్ కార్యక్రమాలకి, ఆదివారం సరదాగా ఒక రౌండుకి. బ్రిటన్‌లో అయితే ఏడాదికి 1,500 మైళ్లు, 3,000 మైళ్లు, 5,000 మైళ్లు అని స్లాబులు పెట్టి అమ్ముతారు. మన డేటా ప్యాక్ లాగా అనుకోండి, తక్కువ వాడితే తక్కువ రేటు.

దీని వెనక ఉన్న సూత్రం చాలా సింపుల్. ప్రీమియం అంటే రెండు అంకెల గుణకారం. ప్రమాదం జరిగే అవకాశం ఎంత, జరిగితే అయ్యే ఖర్చు ఎంత. పాత కారుకి రెండో అంకె పెద్దది. బ్రేకులు డ్రమ్ము బ్రేకులు, ఎయిర్ బ్యాగ్ లేదు, చాలావాటిలో సీట్ బెల్ట్ కూడా ఉండదు. కానీ రోడ్డు మీదకి రావడమే తక్కువైతే మొదటి అంకె సున్నా దగ్గరికి పోతుంది. గుణిస్తే చిన్న సంఖ్య వస్తుంది. అంతే. దయ లేదు, వారసత్వం మీద గౌరవం లేదు, లెక్క ఉంది. నాకు నిజానికి ఈ నిజాయితీ నచ్చుతుంది. "మీ సంస్కృతిని కాపాడుతున్నాం" అని ఉపన్యాసం ఇవ్వరు. "ఎన్ని మైళ్లు తిప్పుతావో చెప్పు" అంటారు.

ప్రభుత్వాలు కూడా ఇదే బేరం చూసి నంబర్ ప్లేట్లలోకి తెచ్చాయి. టెక్సాస్‌లో 25 ఏళ్లు దాటిన కారుకి యాంటిక్ ప్లేట్ ఇస్తారు. దానితో ప్రదర్శనలకి, క్లబ్ కార్యక్రమాలకి, పెరేడ్‌లకి వెళ్లొచ్చు, రోజువారీ రవాణాకి మాత్రం వాడకూడదు. డాలస్, హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్లెవరైనా పాత మస్టాంగ్ కొనాలని చూస్తుంటే ఈ ముక్క గుర్తుంచుకోండి. ఆ ప్లేట్ పెట్టుకుని రోజూ పిల్లల్ని బడిలో దించడం కుదరదు. మామూలు ప్లేట్ తీసుకుంటే కుదురుతుంది, అది మీ ఇష్టం.

ఈ "మీ ఇష్టం" అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. జర్మనీలో దీన్ని అందంగా చేశారు. 1997లో హెచ్ ప్లేట్ తెచ్చారు. 30 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా, ఇన్‌స్పెక్టర్ పరీక్షలో పాసైన కారుకి నంబర్ చివర హెచ్ అని వేస్తారు. కారుకి పన్ను ఇంజిన్ ఎంత పెద్దదైనా ఏడాదికి 191.73 యూరోలు, ఒకటే రేటు. దీనితో రోజూ తిరగొచ్చు. ప్రభుత్వం కిలోమీటర్ల పరిమితి పెట్టలేదు. కాలుష్యం ఎక్కువని పాత బండ్లని రానివ్వని సిటీ జోన్లలోకి కూడా హెచ్ ప్లేట్ కారు వెళ్లొచ్చు. ఇక అంత వాడకం అక్కర్లేదు, నాలుగైదు కార్లున్నాయి, ర్యాలీకి మాత్రమే తీస్తా అనేవాళ్లకి ఎర్ర అక్షరాల 07 నంబర్ వేరే ఉంది. ఒకే ప్లేట్ మార్చి మార్చి చాలా కార్లకి పెట్టుకోవచ్చు, కానీ ర్యాలీలు, మరమ్మతులు, టెస్ట్ డ్రైవ్‌ల వంటివాటికే. అంటే రెండు గుమ్మాలు. ఎక్కువ వాడేవాడికి ఒకటి, తక్కువ వాడేవాడికి ఒకటి.

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకి రోడ్ ట్యాక్స్ లేదు. 2018 మే నుంచి ఏటా చేయించే ఎంఓటీ పరీక్ష కూడా అక్కర్లేదు, బండిని మరీ మార్చేయకుండా ఉంచితే. వాడకం మీద సర్కారు ఆంక్ష పెట్టలేదు, ఆ పని ఇన్సూరెన్స్ కంపెనీల మైళ్ల స్లాబులకి వదిలేసింది. జపాన్ దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ పెట్రోల్ కారుకి 13 ఏళ్లు దాటితే పన్ను పెరుగుతుంది. పాతదాన్ని ఉంచుకోవడమే తప్పు అన్నట్టు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం.

మనకి పాత కార్ల చరిత్ర తక్కువేం కాదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లు ఆ పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ చేశారు, కారు చేతికి రాకముందే 1911లో చనిపోయారు. దర్బారులో సింహాసనంలాగా సీటు పెట్టించి చేయించిన ఆ కారు రోడ్డు మీద తిరిగింది చాలా తక్కువ. ఏ చట్టమూ ఆపకుండానే అది ఉత్సవ విగ్రహం అయిపోయింది. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లోనే వింటేజ్ ర్యాలీ మొదలుపెట్టింది. ఇన్సూరెన్స్ కూడా మనకి కొత్త కాదు, మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య గారు 1925లోనే ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. 1973లో దేశంలోని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నిటినీ, 107 సంస్థలు, కలిపి నాలుగు ప్రభుత్వ కంపెనీలు చేశారు. దాంతో మోటార్ ఇన్సూరెన్స్ అంటే ఒకే టారిఫ్ పుస్తకం, దేశమంతా ఒకే రేటు అన్నట్టు అయింది.

2002 నాటి ఆ టారిఫ్ పుస్తకంలో వింటేజ్ కారు అంటే ఏంటో తెలుసా? 1940 డిసెంబర్ 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉన్న కారు. దానికి ఓన్ డ్యామేజ్‌లో 25 శాతం తగ్గింపు. ఒక గీత గీసి వదిలేశారన్నమాట. ఆ గీత కాలంతో పాటు ముందుకి జరగదు. 1940 కారుకి తగ్గింపు, 1941 కారుకి ఎన్నేళ్లు గడిచినా లేదు. మహారాజుల గ్యారేజీలకి సరిపోయే నియమం అది. మన ఇళ్లలో ఉన్న ఫియట్, అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్, ఇవన్నీ స్వాతంత్ర్యం తర్వాతి బండ్లు. వాటికి ఆ పుస్తకంలో చోటే లేదు.

అదే పుస్తకంలో ఎవరూ పట్టించుకోని ఇంకో మంచి సౌకర్యం ఉంది. "లెయిడ్ అప్" అంటారు. కారుని కొన్నాళ్లు వాడకుండా షెడ్డులో పెట్టేస్తున్నా అని కంపెనీకి రాసి చెప్తే, ఆ కాలానికి రోడ్డు ప్రమాదాల బాధ్యత ఆపేసి, నిప్పు, దొంగతనం లాంటివాటికి మాత్రం రక్షణ ఉంచుతారు. షెడ్డులోనే ఉండే బండికి ఇంతకంటే సూటి పద్ధతి ఏముంది? ఏజెంట్లు దీని గురించి చెప్పడం నేనైతే ఎప్పుడూ వినలేదు.

ఇక 2021 జూలై. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 81ఏ నుంచి 81జీ వరకు కొత్తగా చేర్చారు. మొదటిసారి దేశమంతటికీ వింటేజ్ అంటే ఒక నిర్వచనం వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని, సొంత వాడకానికి ఉన్న టూ వీలర్ లేదా ఫోర్ వీలర్. కొత్త రిజిస్ట్రేషన్ అయితే రాష్ట్రం కోడ్ తర్వాత "వీఏ" అని సిరీస్ వస్తుంది. ఇప్పటికే నంబర్ ఉన్న బండి దాని పాత నంబరే ఉంచుకోవచ్చు. ఇది మాత్రం మంచి పని, ఆ పాత ఏపీ నంబర్లు చూస్తే వచ్చే ఆనందమే వేరు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ చేయించడానికి 5,000.

మరి వాడకం? ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, పెట్రోల్ కొట్టించుకోవడం, రిపేరు. ఇంతే. మామూలుగా రోజూ తిరగడానికి లేదు, వ్యాపారానికి అసలే లేదు.

అర్థమైంది కదా? జర్మనీ రెండు గుమ్మాలు పెడితే మనం ఒక్కటే తెచ్చుకున్నాం, ఆ 07 లాంటిది. హెచ్ లాంటిది లేదు. అక్కడ 30 ఏళ్లు, ఇక్కడ 50. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా కూడా 30 ఏళ్లే అంటుంది. రోజూ వాడకపోవడం అనే షరతు వాళ్ల నిర్వచనంలోనూ ఉంది, కాబట్టి షరతు పెట్టడం మన తప్పు అని నేను అనను. ఆ షరతుకి బదులుగా మనకి ఏం ఇచ్చారు అనేదే ప్రశ్న.

లెక్క వేద్దాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. 2022 జూన్ 1 నుంచి వచ్చిన థర్డ్ పార్టీ రేట్లు ఇవి, పన్ను కాకుండా. 1000 సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు. 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416. 1500 దాటితే 7,897. పాత ఫియట్ 1100 ఇంజిన్ 1089 సీసీ. పాత పెట్రోల్ అంబాసిడర్ 1489 సీసీ. రెండూ మధ్య తరగతిలోకే వస్తాయి. సగం అంటే మిగిలేది ఏడాదికి 1,708. పదేళ్లకి 17,080. రిజిస్ట్రేషన్‌కి మీరు కట్టింది 20,000. అంటే ఇన్సూరెన్స్‌లో సగం తగ్గింపు పదేళ్లు తీసుకున్నా ఫీజు డబ్బులు తిరిగి రావు! అదే మీది పెద్ద అమెరికన్ ఇంపాలా అయితే ఏడాదికి 3,948 రూపాయల 50 పైసలు, పదేళ్లకి 39,485. అప్పుడు గిట్టుబాటు. పెద్ద కారు ఉన్నవాడికి లాభం, తాతగారి ఫియట్ ఉన్నవాడికి నష్టం.

ఆగండి, ఇంకో వైపు కూడా చూడాలి. వింటేజ్ చేయించకుండా మామూలు బండిగానే ఉంచితే? 15 ఏళ్లు దాటిన కారుకి ప్రతి ఐదేళ్లకీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, ఎఫ్‌సీ చేయించాలి. ఆ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి దాన్ని 10,000 చేశారు. దిగుమతి అయిన కారైతే 80,000. కాబట్టి పదేళ్లలో రెండుసార్లు రెన్యువల్ అంటే మన ఫియట్‌కి 20,000. చూశారా, రెండు దార్లూ ఒకే అంకె దగ్గరికి వచ్చి కలిశాయి. 600 ఉన్నప్పుడు వింటేజ్ అనేది కేవలం మోజు. ఇప్పుడు ఫీజు సమానం, పైన ఇన్సూరెన్స్‌లో 17 వేలు మిగులు. అంటే పదేళ్లకి 17 వేల రూపాయలు తీసుకుని, మామూలుగా రోడ్డు మీద తిరిగే హక్కు వదులుకోవడం. ఏడాదికి 1,708 అంటే నెలకి సుమారు 142. ఆదివారం సాయంత్రం అమ్మమ్మని ఎక్కించుకుని గుడికి వెళ్లి వచ్చే స్వేచ్ఛకి సర్కారు కట్టిన ధర అది. నాకైతే తక్కువ అనిపిస్తుంది. ఆ ఆదివారాన్ని నేను ఆ రేటుకి అమ్మను.

బండి బయటకి తీసే ఆలోచనే లేనివాళ్లకి, ఏడాదికి ఒక ర్యాలీ చాలు అనేవాళ్లకి మాత్రం ఇది సరైన దారే. పదేళ్లదాకా రెన్యువల్ గోల లేదు.

ఇక అసలు ప్రమాదం ఎక్కడుందో చెప్తా, చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. పెళ్లి ఊరేగింపులు. పెళ్లికొడుకుని పాత కారులో తీసుకురావడం ఇప్పుడు ట్రెండు. సినిమా షూటింగులకీ, ప్రీ వెడ్డింగ్ షూట్లకీ బండి అద్దెకి ఇస్తారు. పాత కారు ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు కొంచెమైనా అలా తిరిగొస్తుందని. కానీ వింటేజ్‌గా రిజిస్టర్ అయిన బండికి వ్యాపారం నిషేధం. మామూలు సొంత కారు పాలసీ తీసి చదవండి, "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అని ఒక పేరా ఉంటుంది. అద్దెకి, కిరాయికి వాడకూడదు, రేసుల్లో, స్పీడ్ టెస్టుల్లో, రిలయబిలిటీ ట్రయల్స్‌లో వాడకూడదు అని. ర్యాలీకి వెళ్లాలంటే కూడా అది ఎలాంటి ర్యాలీ అని కంపెనీని అడిగి, అవసరమైతే అదనపు ప్రీమియం కట్టి పాలసీ మీద ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. రోడ్డు నియమం ర్యాలీకి వెళ్లొచ్చు అంటుంది, పాలసీ ఏ ర్యాలీ అని అడుగుతుంది. రెండూ ఒకటి కాదు.

ఇప్పుడు ఊహించుకోండి. డ్రమ్ము బ్రేకుల కారు, బరాత్‌లో ముందు డ్యాన్సులు, చుట్టూ జనం. బ్రేకు పట్టలేదు, ఒక మనిషి కింద పడ్డాడు. కంపెనీ ఏమంటుంది? ఈ బండిని అద్దెకి వాడారు, మా పాలసీ షరతు తప్పారు అంటుంది. మోటారు వాహనాల చట్టమే అద్దె వాడకాన్ని కంపెనీలు కోర్టులో చెప్పుకోదగిన కారణాల్లో ఒకటిగా రాసింది. కొన్ని కేసుల్లో కోర్టులు ముందు బాధితుడికి కంపెనీ చేత ఇప్పించి, తర్వాత ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోమన్నాయి. అలా జరిగితే బాధితుడి వరకు నయం. మీ వరకు? మనిషి ప్రాణానికి, గాయానికి థర్డ్ పార్టీలో పరిమితి లేదు. లక్షలు మీ ఇంటి మీద పడతాయి. ఐదారు వేల అద్దె కోసం. అదే కంపెనీ పూర్తిగా తప్పుకుంటే ఆ పడ్డ మనిషి కుటుంబం మీ ఆస్తి చుట్టూ కోర్టుల్లో తిరగాలి. 1930కి ముందు ఇంగ్లండ్‌లో ఉన్న పరిస్థితే మళ్లీ. పాలసీ అసలే లేకుండా తీస్తే మొదటిసారికి 2,000 జరిమానా లేదా మూడు నెలల జైలు, లేదా రెండూ. ఆ జరిమానా చిన్నదే, దాన్ని చూసి ధైర్యపడకండి.

అందుకే మీ ఇంట్లో పాత బండి ఉంటే ముందు ఆర్సీలో మొదటి రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. తయారైన ఏడాది కాదు, రిజిస్ట్రేషన్ తేదీ. తర్వాత ఓన్ డ్యామేజ్ తీసుకునేటప్పుడు యాప్‌లో కాకుండా కంపెనీ బ్రాంచికి వెళ్లి, వాల్యుయేషన్ రిపోర్టు, ఫొటోలు, ఖర్చు పెట్టిన బిల్లులు చూపించి ఐడీవీ మాట్లాడుకోండి. ఐదేళ్లు దాటిన బండికి విలువ మాట్లాడుకునే హక్కు టారిఫే ఇచ్చింది, అడగనివాడికి తుక్కు రేటే రాస్తారు.

ఒక్క విషయం నన్ను బాగా తొలుస్తుంది. 15 ఏళ్లకీ 50 ఏళ్లకీ మధ్య ఉన్న బండి సంగతేంటి? 15 దాటాక ఫీజులు పెరుగుతూ పోతాయి, స్క్రాప్ చేయమని ప్రోత్సాహకాలు ఇస్తారు. ఢిల్లీలో అయితే 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది, ఆ తర్వాత కూడా దాని మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ఈ 35 ఏళ్లు బతికి బయటపడితేనే బండికి "వింటేజ్" అనే గౌరవం. జర్మనీలో ఆ గ్యాప్ 30 దగ్గర ముగుస్తుంది, టెక్సాస్‌లో 25 దగ్గర. మన దగ్గర మాత్రం ఒక తరం మొత్తం మోయాలి.

మారుతి 800 తీసుకోండి. 1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళం ఢిల్లీలో హర్‌పాల్ సింగ్ గారికి ఇచ్చారు. మన దేశంలో మధ్యతరగతి ఇంటి ముందుకి కారు తెచ్చిన బండి అది. 2021 నియమం ప్రకారం మొట్టమొదటి మారుతికే వింటేజ్ అర్హత 2033 డిసెంబర్‌లో వస్తుంది. 796 సీసీ కాబట్టి, ఇప్పటి రేట్లే ఉంటే అప్పుడు దానికి వచ్చే తగ్గింపు ఏడాదికి 1,047 రూపాయలు. ఈలోగా మీ వీధిలో ఎన్ని మారుతి 800లు మిగిలాయో ఒకసారి లెక్కపెట్టి కింద రాయండి, ఊరి పేరుతో సహా. వచ్చే ఎపిసోడ్‌లో 1973లో ఆ 107 కంపెనీలు నాలుగు ఎలా అయ్యాయో చూద్దాం. ఉంటా మరి, నమస్తే.